నౌపడా యార్డులో ఒక షెడ్డు

మోడల్ రైల్వే కట్టుకోవాలని సరదా పుట్టినవాళ్ళు ముందుగా ఇంజను కొంటారు. ఆ తర్వాత పట్టాలు, పెట్టెలు, ఒక స్టేషను, ఒక కొండ, ఆ కొండకో సొరంగం. లోకో షెడ్డు సంగతి బల్ల మీద ఏ మూలో ఖాళీ మిగిలితే అప్పుడు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ వరస తిరగెయ్యాలనిపిస్తుంది. షెడ్డు ముందు తేల్చుకుంటే మిగతా రైల్వే అంతా దాని వెనకాలే వస్తుంది. ఏ ఊరు, ఏ ఏడు, పట్టాల మధ్య ఎంత వెడల్పు, ఇంజను తాగే నీళ్ళు ఎక్కడివి, దాన్ని తుడిచేవాళ్ళు ఎక్కడ కాపురం ఉంటారు అని షెడ్డు అడుగుతుంది. స్టేషను ఇన్ని అడగదు. ప్లాట్‌ఫారం, గడియారం, ఊరి పేరు రాసిన బోర్డు పెడితే ఊరుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మనలో చాలామందికి తెలిసింది ప్రయాణికుడి రైలు. అది ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ఎక్కించుకుంటుంది, దింపుతుంది. ఆటోవాడితో బేరమాడుకుంటూ మనం బయటికొచ్చేశాక ఆ ఇంజను ఎటు పోయిందో మనకి పట్టదు. అది పోయిన చోట మంట దులిపేవాళ్ళు, గుంటలో దిగి బోల్టులు బిగించేవాళ్ళు, నూనెగుడ్డతో చక్రాలు తుడిచేవాళ్ళు ఉంటారు. బల్ల మీద షెడ్డు లేదంటే వాళ్ళందరినీ రైల్వేలోంచి తీసేసినట్టే. సరదాకి కట్టుకునేదే కావచ్చు, అయినా వాళ్ళని తీసెయ్యడానికి నాకు మనసొప్పదు.

షెడ్డు కొనుక్కోవచ్చు. జర్మనీలో ఫాలర్ లాంటి కంపెనీలు ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో పెట్టి అమ్ముతాయి, అతికించుకుంటే సరి. ఇంగ్లండువాళ్ళవి రంగులు అచ్చేసిన అట్టలతో కూడా వస్తాయి. పనితనానికి వంక పెట్టలేం, ఇటుక ఇటుకకీ గాడి కనిపిస్తుంది. కానీ అది చలిదేశపు షెడ్డు. దాని కప్పు మంచు జారిపోవడానికి వాలింది. దాని తలుపులు ఇంజను గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా మూసుకోవడానికి పెట్టినవి. మనవైపు ఇంజనుకి చలి భయం లేదు. ఎండ, వాన, గాలివాన, ఈ మూడిటితోనే దాని బాధ. అందుకే మన షెడ్లకు చాలాచోట్ల తలుపులుండవు. రెండు కొసలూ తెరిచే ఉంటాయి. పక్కగోడలకీ కప్పుకీ మధ్య గాలి ఆడడానికి సందు వదుల్తారు. పొగ పోవాలి, వేడి పోవాలి, జల్లు లోపలికి కొట్టకూడదు. పెట్టెలోంచి తీసిన జర్మనీ షెడ్డు పక్కన తాటిచెట్టు పాతి చూడండి, తాటిచెట్టే పరాయిదై కనిపిస్తుంది.

కాబట్టి మన నేల మీద మన షెడ్డే కట్టాలి. ఎక్కడ?

శ్రీకాకుళం, విజయనగరం వైపు రైలుకి తావులకేం తక్కువ లేదు. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన మెయిన్ లైను ఉంది. విజయనగరం జంక్షన్ నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా కొండల్లోకి ఎక్కి రాయపూర్ పోయే లైను ఉంది. బొబ్బిలి నుంచి సాలూరుకి 18 కిలోమీటర్ల కొమ్మ ఉంది, దాని మీద చాలా ఏళ్ళు ఒంటరి రైల్‌బస్ నడిచింది. ఇంట్లో చోటు తక్కువున్నవాళ్ళకి నేను సాలూరే చెబుతాను. పుస్తకాల అలమారలో ఒక అర ఖాళీ చేస్తే ఆ రైల్వే పట్టేస్తుంది. ఒక్క బస్సు నిలబడే రేకుల షెడ్డు దానికి సరిపోతుంది.

నా మనసు మాత్రం నౌపడా మీద ఉంది. టెక్కలి దగ్గర, ఉప్పుమళ్ళ పక్కన, మెయిన్ లైను మీద చిన్న జంక్షను. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఊరిని మెయిన్ లైనుకి కలపాలని తలపెట్టి ఇక్కడి నుంచే తన సొంత రైలుబాట వేయించారు. 1898లో పని మొదలైంది, ఏడు లక్షల రూపాయలయింది, 1900 ఏప్రిల్ 1న బళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. నౌపడా, టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నం, ఆ వెంటనే పర్లాకిమిడి. పాతిక మైళ్ళ దారి. మొదటి పదేళ్ళు నష్టాలు మోసింది. 1910 నుంచి కాస్త కోలుకుంది, 1924-25 నాటికి లాభాలు పెరిగాయి. ఆ ధైర్యంతో 1929లో, 1931లో రెండు విడతలుగా గుణుపూరు దాకా పొడిగించారు. అంతా కలిపి 90 కిలోమీటర్లు. 2004 జూన్‌లో చిన్నబండి ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేసి 2010, 2011ల్లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు అదే దారిన పెద్దబండి పోతుంది, అది మంచిదే. గుణుపూరు మనిషి నౌపడాలో బండి మారకుండా విశాఖ చేరగలుగుతున్నాడు. అయినా ఆ చిన్న లైను నా బల్ల మీదైనా బతకాలని నాకు కోరిక.

దీనికి అభిమానమొక్కటే కారణం కాదు, లెక్క కూడా ఇటే మొగ్గింది. మోడల్ రైల్వేలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు వస్తుంది. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే ఉంటుంది, ఎందుకంటే అవి 1435 మిల్లీమీటర్ల యూరపు, అమెరికా గేజికి లెక్కగట్టినవి. మన దేశపు పెద్ద ఇంజను మోడలు ఎంత ముచ్చటగా చేసినా, ఆ పట్టాల మీద దాని కాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉంటాయి. ఒకసారి కనిపెట్టాక కన్ను ఇక దాన్ని వదలదు. మరి పర్లాకిమిడి లైను? రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. ఎన్ స్కేలు పేరుతో అమ్మే చిన్న రైళ్ళ పట్టాల వెడల్పు 9. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. మన దేశపు మెయిన్ లైనుకి దొరకని న్యాయం ఈ మారుమూల చిన్నబండికి రెడీమేడ్‌గా దొరికింది. చూపు మందగించినవాళ్ళకి ఇంకో దారి ఉంది. 48వ వంతు స్కేలులో 762 కాస్తా 15.9 అవుతుంది, అప్పుడు ఆ మామూలు హెచ్‌ఓ పట్టాలే దీనికి నప్పుతాయి. ఇంజను పెద్దదవుతుంది, చేతికి పని సుఖం. కానీ బల్ల కూడా పెరుగుతుంది.

ఇక షెడ్డు ఆకారం. గుండ్రటి షెడ్డు అందరికీ ఇష్టమే. మధ్యలో టర్న్‌టేబుల్, చుట్టూ అర్ధచంద్రంగా గదులు, ఒక్కో గదిలోంచి ఒక్కో ఇంజను ముఖం. బొమ్మల్లో అదే కనిపిస్తుంది కాబట్టి అందరూ అదే కావాలంటారు. కొలిచి చూస్తే గానీ దాని ఆకలి తెలీదు. మన బ్రాడ్‌గేజి డబ్ల్యూపీ ఆవిరి ఇంజను టెండరుతో కలిపి సుమారు 24 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని తిప్పే బల్లకి 30 సెంటీమీటర్లు, దాని ముందు ఖాళీ, ఆ వెనక ఇంకో 30 సెంటీమీటర్ల లోతు గదులు. షెడ్డు ఒక్కటే మీటరు చోటు మింగేస్తుంది. తర్వాత రైలుకి దారుండదు. చిన్న లైను మీద ఆ పటాటోపం అక్కర్లేదు. చిన్న ఇంజను వెనక్కి కూడా నడుస్తుంది, తిప్పకపోతే కొంప మునిగిపోదు. రెండు పట్టాలు నేరుగా లోపలికి పోయే షెడ్డు చాలు. అసలు కొలతలో 20 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు అనుకుంటే నా బల్ల మీద 23 సెంటీమీటర్లకి పది. జానెడు పొడవు, అందులో సగానికి తక్కువ వెడల్పు. నాలుగు చిన్న ఇంజన్లు హాయిగా పడుకుంటాయి.

ఇది ఫలానా షెడ్డుకి నకలు కాదు. ఆ లైను మీద ఉండదగిన షెడ్డు. ఈ రెంటికీ మధ్య పెద్ద తేడా ఉంది. నకలు చేసేవాడికి ఫొటో ఉంటే చాలు. ఉండదగినదాన్ని కట్టేవాడు ప్రతి కిటికీకీ కారణం చెప్పగలగాలి.

డీజిలు కాలం కావాలనుకునేవాళ్ళకి వేరే లోకం ఉంది. విశాఖపట్నం డీజిలు షెడ్డు 1965లో పెట్టారు. కిరండూలు ఇనుపరాయిని కొత్తవలస మీదుగా రేవుకి దింపే లైను ఆ రోజుల్లోనే వచ్చింది. అక్కడి ఇంజను దేశంలో ఏ మూల కనిపించినా దాని ఒంటి మీద షెడ్డు పేరు ఇంటిపేరులా రాసి ఉంటుంది. గుత్తి, కాజీపేట, విజయవాడ, లాలాగూడ, ఇలా ఏ ఇంజనుకైనా అంతే. ఆ షెడ్డు బల్ల మీద పట్టదు. దాని గుమ్మం ఒక్కటి గోడకి ఆనించి కట్టి, మిగతాది వెనకాల ఉందని చూసేవాళ్ళని నమ్మించవచ్చు. అదీ ఒక విద్యే. నాకు మాత్రం పొగ కావాలి.

ఏడు ఎంచుకోవడం దగ్గర చాలాసేపు ఆగాను. గోడ మీద ఏం రాయాలో ఏడు చెబుతుంది. 1936 ఏప్రిల్‌కి ముందు ఈ లైనంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ తర్వాత పర్లాకిమిడి, గుణుపూరు ఒరిస్సాలోకి వెళ్ళాయి, నౌపడా, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. ఒకే బండి రెండు రాష్ట్రాల బండయింది. రాజావారి రైల్వే తర్వాతి కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఆ కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1952లో ఈస్టర్న్ రైల్వే, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే, 2003 నుంచి ఈస్ట్ కోస్ట్ రైల్వే. గోడ అదే, పట్టాలవే, పని చేసేవాడి పనీ అదే, జీతం రసీదు మీద పేరు మాత్రం మారుతూ పోయింది. నేను 1960 దగ్గర నిలబడ్డాను. శ్రీకాకుళం జిల్లా ఏర్పడి పదేళ్ళు. బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు. బొగ్గుకి ఇంకా ఎదురులేదు. దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్లు 1995లో ఆగిపోతాయని అప్పటి ఫైర్‌మన్ కలలో కూడా అనుకుని ఉండడు.

షెడ్డు చుట్టూ ఏది ఎక్కడ పెట్టాలో పని వరస చెబుతుంది. చాలా లేఅవుట్లలో ఇక్కడే తప్పిపోతారు. నీళ్ళ కాలమ్ ఒకచోట, బొగ్గు దిబ్బ ఇంకోచోట, అందంగా కనిపించిన చోటల్లా పెట్టేస్తారు. బండి వదిలి వచ్చిన ఇంజను ముందు బొగ్గు, నీళ్ళు తీసుకుంటుంది. తర్వాత బూడిద గుంట మీద నిలబడుతుంది. ఫైర్‌బాక్సులో చిట్టెం గట్టిన బొగ్గుని పొడవాటి ఇనుప ఊచలతో పగలగొట్టి కిందికి రాలుస్తారు, ముందు స్మోక్‌బాక్సు తలుపు తీసి లోపల పేరుకున్న మసి పారతో ఎత్తుతారు. ఆ ఎండలో, ఆ సెగలో చేసే పని అది. చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుక తడిగా ఉంటే గొట్టంలోంచి దిగదు కనక, ఇసుక వేయించే పొయ్యి కూడా దగ్గర్లోనే ఉండాలి. అప్పుడు షెడ్డులోకి. లోపల పట్టాల మధ్య పొడవాటి పిట్టు. ఫిట్టరు అందులో దిగి నెత్తి మీద ఇంజను పెట్టుకుని పని చేస్తాడు. కొన్ని రోజులకోసారి బాయిలరు కడగాలి. నీళ్ళలోని సున్నం లోపల తెట్టు కడుతుంది, అది పేరుకుంటే బొగ్గు ఎంత మండించినా వేడి నీటికి అందదు. కడిగాక మళ్ళీ కట్టెలు పేర్చి మంట రాజేస్తే ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది. పొద్దున్నే పోవాల్సిన బండికి అర్ధరాత్రే నిప్పు పెట్టాలి. దీన్నిబట్టి నా బల్ల మీద నేల రంగు కూడా మారింది. బూడిద గుంట దగ్గర తెల్లటి బూడిద, పిట్టు దగ్గర నూనె తాగిన నల్లమట్టి, నీళ్ళ కాలమ్ కింద ఎప్పుడూ తడి, కాస్త పచ్చగడ్డి. ఎర్రమట్టి మన నేలదే, పల్చటి గుడ్డలో జల్లించి వాడాను. బొగ్గుపొడి కొనాల్సిన వస్తువు కాదు. కప్పు మీద పొగ పోయే గూడుకి పట్టిన మసి చూపించడానికి కాటుకని మించింది నాకు దొరకలేదు.

కప్పుకి పెంకులా, రేకులా? పెంకులైతే అందం. రేకులైతే నిజం అనిపించింది. అలాగని రేకులు ఇక్కడ ఎక్కువకాలం నిలవవు. బొగ్గు పొగలోని గంధకం లోపల నుంచి, ఉప్పుగాలి బయట నుంచి ఇనుపరేకుని తింటాయి. మిగిలింది తుపాను చూసుకుంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం జీడిమామిడి, కొబ్బరి తోటలు నేలకొరిగిన తీరు చూసినవాళ్ళకి రేకుల కప్పు ఎంతలో లేచిపోతుందో చెప్పక్కర్లేదు. అందుకని కప్పు మీద అంతా ఒకే రంగు వెయ్యలేదు. తుప్పు పట్టిన పాతరేకుల మధ్య కొన్ని కొత్తవి తళతళలాడుతూ ఉంటాయి. ఏదో ఏడు గాలి పట్టుకుపోతే మార్చినవి. ముడతల రేకులో ఒక ముడత నుంచి ఇంకో ముడతకి మూడంగుళాలు. 87వ వంతులో ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ. సన్నని పేలదువ్వెన పళ్ళు దాదాపు అంతే ఎడంగా ఉంటాయి. దువ్వెన మీద వంటింటి అల్యూమినియం రేకు పరిచి అగ్గిపుల్ల మొనతో రుద్దితే ముడతలు పడతాయి. ఖరీదైన అచ్చులు ఎన్నో చూశాను గానీ ఇంత పొందిగ్గా వచ్చింది తక్కువ.

దూలాలకీ స్తంభాలకీ అంకుడు కర్ర. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే. మెత్తగా కోతకి లొంగుతుంది, పోగు లేవదు. చిన్నవి చెయ్యడమంటే మనవైపు కొత్త విద్యేం కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో కచేరీ వీణలు చేసే చేతులే బహుమతులకిచ్చే బుల్లి వీణలూ చేస్తాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒకటే ఆశ్చర్యం. అంత చిన్నదానిలో ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి అన్నది వాళ్ళకి చేతిలోనే తెలుసు. కుండ గుండ్రం పోకూడదు, యాళి ముఖం పోకూడదు. షెడ్డుకీ అలాంటివి రెండు మూడు ఉన్నాయి. కప్పు మీది పొగగూడు, లోపలి పిట్టు, తలుపుల్లేని గుమ్మంలోని చీకటి. ఇవి సరిగ్గా వస్తే గోడలో ఇటుకలు లెక్కపెట్టేవాడు ఉండడు. ఇప్పుడు కంప్యూటర్లో గీసుకుని ముద్రించుకునే యంత్రాలొచ్చాయి, కుర్రాళ్ళు వాటితో అద్భుతాలు చేస్తున్నారు, చెయ్యాలి కూడా. ఏది వదిలెయ్యాలో మాత్రం యంత్రం చెప్పదు.

కప్పు అతికించలేదు. ఎత్తితే ఊడి వస్తుంది. చూడ్డానికొచ్చిన పిల్లలు ఇంజనుని పరిగెత్తించమంటారు. కాసేపు పరిగెత్తించి, తర్వాత కప్పు ఎత్తి పిట్టులోని ఫిట్టరుని చూపిస్తాను. రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ ఎత్తు మనిషి. అతన్ని చూశాక వాళ్ళడిగే ప్రశ్నలు మారతాయి. ఆయన అన్నం ఎప్పుడు తింటాడు అని అడుగుతారు. అది పెద్దవాళ్ళు కూడా అడగాల్సిన ప్రశ్న. ఈ లైన్ల మీద పని గంటల కోసం, ఉద్యోగ భద్రత కోసం మనుషులు ఎంతో పోరాడారు. బరంపురంలో తెలుగింట పుట్టిన వి.వి. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకుడు. 1928లో ఆ కార్మికులు శాంతియుతంగా సమ్మె చేసి తమ కోర్కెలు నెగ్గించుకున్నారు. ఆ గిరిగారే 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాని ఓడించారు. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె ఇరవై రోజులు నడిచినప్పుడు రాష్ట్రపతి ఆయనే. ఆ సమ్మెలో వేలమంది జైళ్ళకి పోయారు. ఒక మనిషి జీవితంలో ఇవన్నీ ఇమిడాయంటే ఆలోచన ఎక్కడెక్కడికో పోతుంది. పిల్లలకి అదంతా చెప్పను. ఫిట్టరు పక్కన అల్యూమినియం క్యారేజీ ఒకటి పెట్టాను, అది చూపిస్తాను.

మనుషుల్ని పెట్టడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. డ్రైవరు, ఫైర్‌మన్, కలాసీలు, మస్టరు పుస్తకం ముందు కూర్చున్న ఫోర్‌మన్. వీళ్ళతో అయిపోతుందనుకుంటే కాల్‌బాయ్ మిగిలిపోయాడు. రాత్రిపూట లాంతరు, రిజిస్టరు పట్టుకుని క్వార్టర్లకి వెళ్ళి, ఫలానా బండికి నువ్వు రావాలని డ్రైవర్ని లేపి సంతకం పెట్టించుకునేవాడు. అతను లేకపోతే తెల్లారి బండి లేదు. అయితే అతని పని షెడ్డులో లేదు, షెడ్డుకీ ఇళ్ళకీ మధ్య దారిలో ఉంది. దారి వేస్తే దాని చివర ఇళ్ళుండాలి. ఇళ్ళుంటే నుయ్యి, నూతి పక్కన మునగచెట్టు, దండెం మీద ఖాకీ బట్టలు. నా బల్ల బూడిద గుంట అవతల నాలుగు వేళ్ళకే అయిపోయింది. ఉత్తరం వైపు ఇంకో అడుగు చెక్క తగిలించమని వడ్రంగికి చెప్పాను. క్వార్టర్లు పెంకుటిళ్ళు. మంగుళూరు పెంకు నిడివి 41 సెంటీమీటర్లు, బల్ల మీద అయిదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. దానికి పేలదువ్వెన పనికిరాదు. అట్ట సన్నటి పట్టీలుగా కోసి, పట్టీ పట్టీకీ గాట్లు పెట్టి, కింది వరస నుంచి పైకి ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోవాలి.